ఏడు గంటలకు ఇంటికొచ్చిన పెద్దమనిషి
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళకు రోజూ ఎందరో వస్తూంటారు. పాలబ్బాయి వస్తాడు, పేపరబ్బాయి వస్తాడు, కూరల బండి వస్తుంది. వీళ్ళందరినీ మనం గుమ్మంలోనే పలకరించి పంపించేస్తాం. గుమ్మం దాటి లోపలికి వచ్చి, ముందుగదిలో తాతగారినుంచి మనవడివరకూ అందరికీ ఒక్కసారే కబురు చెప్పి, మళ్ళీ మర్నాడు సాయంత్రం అదే వేళకు హాజరైన పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. ఆయన మనకు చుట్టం కాదు, పక్కం కాదు. అయినా ఆయన కనబడగానే పిల్లల అల్లరి తగ్గేది, వంటింట్లో గిన్నెల చప్పుడు తగ్గేది. ఆయన శాంతి స్వరూప్ గారు. తెలుగు టెలివిజనులో మొట్టమొదట వార్తలు చదివిన వ్యక్తి.

1983 నవంబరు 14, బాలల దినోత్సవం నాడు, హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం నుంచి ఆయన తొలి తెలుగు వార్తలు చదివారు. 2011లో ఉద్యోగ విరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న ఈ హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన పోయారన్న కబురు తెలిసినప్పుడు, ఒక్కసారైనా ఆయనతో ముఖాముఖి మాట్లాడని ఇల్లాళ్ళు కూడా, “అయ్యో, మన శాంతి స్వరూప్ పోయాడట” అనుకున్నారు. ఆ ‘మన’ అనే మాట ఎలా సంపాదించారాయన? ఈవేళ మీతో ముచ్చటించదలచినది ఆ సంగతే.

ముందు మన ఊరి సంగతి కాస్త చెప్పుకుందాం. వార్త గాలిలో ప్రయాణం చేసి ఇంటికి రావడమనేది హైదరాబాదులో అబిడ్సు నుంచే మొదలైందంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. అబిడ్సు పక్కనే చిరాగలీ గల్లీ ఉంది కదా, మనం ఇప్పుడు సామాన్లకోసం వెళ్ళి, ఆటోల మధ్య దారి చేసుకుంటూ నడిచే గల్లీ. 1930లలో అక్కడినుంచే ఒక చిన్న రేడియో కేంద్రం పనిచేసింది. 1935లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. దక్కన్ రేడియో అంటే అదే. అందులో పెత్తనమంతా ఉర్దూది. 1950 ఏప్రిల్‌లో అది ఆకాశవాణిలో కలిసింది. నాంపల్లి స్టేషను దగ్గర దిగి, పబ్లిక్ గార్డెన్సు దాటి సైఫాబాదు వైపు వెళ్తే ఆకాశవాణి భవనం కనబడుతుంది. ఈ కాస్త మేరలోనే మన నగరపు గొంతు పుట్టి పెరిగింది.

ఆ తరువాత 1977లో హైదరాబాదుకు టెలివిజను కేంద్రం వచ్చింది. అది రామంతాపూరులో ఉంది. కేంద్రమైతే వచ్చింది గాని, సెట్లు ఎన్ని ఇళ్ళలో ఉండేవి! మన నగరంలోనే ఇ.సి.ఐ.ఎల్. వారు తయారుచేసిన ఇ.సి. టీవీ, మద్రాసు నుంచి వచ్చే డయనోరా, సాలిడేర్ సెట్లు. చెక్కపెట్టె, దానికి బీరువాలాగా తలుపులు, పైన కుట్టుపని చేసిన గుడ్డ. మేడమీద ఏరియల్ కాకి వాలి పక్కకు తిరిగితే తెరమీద చీమలు. సెట్టు కొన్నాక పోస్టాఫీసుకు వెళ్ళి దానికి లైసెన్సు సొమ్ము కట్టాలి. అబిడ్సు పెద్ద పోస్టాఫీసులో స్టాంపులకు నిలబడినట్టే దానికీ నిలబడేవారు. ఆ లైసెన్సు పద్ధతి 1980ల నడుమ ఎత్తేశారు. ఒక సెట్టు ఉన్న ఇంటికి నాలుగిళ్ళవాళ్ళు వచ్చి చాపమీద కూర్చునేవారు. ‘చిత్రలహరి’ పాటలకోసం వచ్చినవాళ్ళు వార్తలు కూడా చూసి వెళ్ళేవారు. అలా చూసి చూసి వార్తలకు అలవాటుపడ్డారు.

సెట్టు కొత్త, తెలుగులో వార్తలు చూడడం కొత్త. వార్తలు వినడం మాత్రం మనకు కొత్తకాదు. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఢిల్లీనుంచి తెలుగు వార్తలు రేడియోలో వింటున్నాం. పన్యాల రంగనాథరావు గారు, కందుకూరి సూర్యనారాయణ గారు, అద్దంకి మన్నార్ గారు, మావిళ్ళపల్లి రాజ్యలక్ష్మి గారు, వీరి గొంతులు గుర్తుపట్టని తెలుగు ఇల్లు ఉండేది కాదు. వీళ్ళలో ముందుగా చెప్పుకోవలసిన స్త్రీ జోలెపాళ్యం మంగమ్మ గారు. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ ఆమె. మదనపల్లె ఆడపడుచు. మన దేశంలో పుస్తకాల అచ్చు చరిత్రమీద పుస్తకం వ్రాసినంత పండితురాలు. వీళ్ళందరూ గొంతుతో సంపాదించుకున్న మర్యాద టెలివిజను రోజుల్లో చదివేవారికి ఆస్తిగా అందింది. కాని గొంతుకు తోడు ముఖం కూడా కనబడేసరికి, పని రెండింతలైంది.

ఎందుకో చెబుతాను. రేడియోలో మాట్లాడే మా వంటివాళ్ళకు కాగితం చేతిలో ఉంటుంది. కాగితానికి ఒకవైపే వ్రాసుకోవాలని, గుండుసూది తీసేయాలని, ఒక కాగితం చదవడం అయిపోగానే దాన్ని తిప్పకుండా చప్పుడు లేకుండా పక్కకు జరపాలని మాకు మొదటిరోజే చెబుతారు. కళ్ళు కాగితంమీద ఉన్నాయా, గోడమీద ఉన్నాయా అని వినేవాళ్ళకు తెలియదు. టెలివిజనులో అలా కాదు. తల వంచి కాగితంలోకి చూస్తే చూసేవాళ్ళకు నడినెత్తి కనబడుతుంది. తల ఎత్తి చూస్తే మాట జారిపోతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి టెలిప్రాంప్టర్ అనే సాధనం ఒకటి ఉంది. కెమెరా కంటికి ముందు ఏటవాలుగా ఒక అద్దం పలక పెడతారు. కింద తెరమీద నడిచే అక్షరాలు ఆ అద్దంలో చదివేవారికి కనబడతాయి. కెమెరాకు మాత్రం ఆ అక్షరాలు కనబడవు. చదివేవారు అక్షరాలు చూస్తూంటే, మనవంకే చూస్తున్నట్టు మనకు అనిపిస్తుంది.

శాంతి స్వరూప్ గారు ఆ అద్దం లేకుండానే దాదాపు పదేళ్ళు వార్తలు చదివారు. అంటే ఆయన ధారణే ఆయనకు అద్దం. వాక్యం మొదట్లో కాగితంలోకి ఒక చూపు, ఆ మీదట మనవంక చూస్తూ వాక్యం పూర్తి. మళ్ళీ ఒక చూపు, మళ్ళీ మనవంక. పైగా ఆ రోజుల్లో వార్త ఎలా వచ్చేదో చూడండి. ఏజెన్సీలనుంచి టెలిప్రింటరు మీద ఇంగ్లీషులో టకటకా వస్తుంది. దాన్ని తెలుగుచేయాలి, కుదించాలి, బొమ్మ ఉంటే బొమ్మకు తగ్గట్టు అమర్చాలి. ఏడు కావస్తూండగా కొత్త సంగతి వస్తే పాత కాగితం తీసి కొత్తది పెట్టాలి. తీరా చదివే కాగితంలో ఎన్ని రకాల పేర్లు! రష్యాను ఏలిన ఆండ్రోపోవ్, చెర్నెంకో ఒకపక్క, మన జిల్లాల్లో ఊళ్ళ పేర్లు మరోపక్క. అన్నీ తడబడకుండా పలకాలి. మనం వ్రతకథ చదివేటప్పుడు కూడా పుస్తకంలోంచి తల ఎత్తి ఎదుటివాళ్ళను చూస్తూ రెండు వాక్యాలు చెప్పి చూస్తే, ఆ కష్టం కొంత అర్థమవుతుంది.

ఇంకొక విశేషం, ఆయన తెలుగు. ఆయన హైదరాబాదులో పెరిగిన మనిషి. అబిడ్సులో ఒక దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే ఉర్దూ, మరాఠీ, గుజరాతీ, మార్వాడీ, తెలుగు అన్నీ చెవిన పడతాయి. నాంపల్లి స్టేషనులో దిగేవాళ్ళలో వరంగల్లు వారుంటారు, కర్నూలు వారుంటారు, గుంటూరు వారుంటారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క యాస. వీళ్ళందరికీ ఒకే ఏడు గంటలకు వార్త చెప్పి, ఎవరికీ పరాయి మాట అనిపించకుండా ఉండాలంటే గొంతుకు ఎంత నిదానం కావాలి! ఆయన వేగంగా చదివేవారు కాదు. ఒత్తులు మింగేవారు కాదు. ‘అల్పపీడనం’, ‘అవిశ్వాస తీర్మానం’, ‘ద్రవ్యోల్బణం’ వంటి మాటలు మనలో చాలామంది బడిలో నేర్చుకున్నవి కావు. సాయంత్రం వంటచేస్తూ ఇలాంటి వార్తలు విని నేర్చుకున్నవే.

ఆయన శ్రీమతి రోజారాణి గారు కూడా టెలివిజనులో వార్తలు చదివారు. భార్యాభర్తలిద్దరిదీ ఒకే వృత్తి అన్నమాట. వార్తలు చదివేవాళ్ళకు పండుగ లేదు, ఆదివారం లేదు. మనం దీపావళినాడు ప్రమిదలు పెట్టుకుంటున్న వేళకు ఎవరో ఒకరు అక్కడ కాగితాలు సర్దుకుని కూర్చోవాలి. ఢిల్లీలో సల్మా సుల్తాన్ గారిని మీరంతా ఎరుగుదురు, జడలో గులాబీతో కనిపించేవారు. 1984 అక్టోబరు 31 సాయంత్రం ఇందిరాగాంధీ హత్య వార్తను దూరదర్శన్‌లో దేశానికి చదివి వినిపించింది ఆమే. అమెరికాలో వాల్టర్ క్రాంకైట్ అనే ఆయన ఉండేవారు. 1963 నవంబరు 22న కెనడీ మరణవార్త చెబుతూ కళ్ళజోడు తీసి, గడియారం వంక చూసి, ఒక్క క్షణం గొంతు సర్దుకుని మళ్ళీ చదివారు. ఆ ఒక్క క్షణాన్ని ఆ దేశం ఇప్పటికీ తలచుకుంటుంది. మన ఇళ్ళలో చావు కబురు చెప్పవలసి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు ఎవరిని పంపించేవారు? మాట తూలనివాడిని, కల్పించి చెప్పనివాడిని. వార్తలు చదివేవారు ఊరందరి తరఫునా ఆ పని చేస్తారు.

ఆ మనిషి లోపల ఏమీ కలగదా? ఎందుకు కలగదు! శాంతి స్వరూప్ గారు నవలలు వ్రాశారన్న సంగతి చాలామందికి తెలియదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి, నిద్రలో ఉన్న జనం వేలల్లో చనిపోయారు. ఆ దుర్ఘటనమీద ఆయన ‘రాతి మేఘం’ అనే నవల వ్రాశారు. క్రికెట్ పిచ్చిమీద ‘క్రేజ్’, సతీసహగమనాన్ని నిరసిస్తూ ‘అర్ధాగ్ని’ వ్రాశారు. వార్తలు చదివే కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన కన్నీరు పెట్టుకోవడానికి లేదు, కోప్పడడానికి లేదు. ఆ కుర్చీలోనుంచి లేచి ఇంటికి వెళ్ళాక, తన పేరు పెట్టుకుని, తన మాటగా వ్రాశారు. వార్తను వార్తగా చెప్పడం, అభిప్రాయాన్ని అభిప్రాయంగా వేరే చెప్పడం అంటే ఏమిటో ఆ మూడు పుస్తకాలు చూస్తే బోధపడుతుంది. ఆదివారం అబిడ్సు పేవ్‌మెంట్లమీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, ఆ వైపు వెళ్ళినప్పుడు వాటికోసం వెతికి చూడండి.

ఇక్కడ ఒక సందేహం మీకు వచ్చే ఉంటుంది. “బాగానే ఉందండీ, ఆయన చదివినది సర్కారు వారు వ్రాసి ఇచ్చిందే కదా!” అని. నిజమే. అప్పటి దూరదర్శన్ కేంద్ర ప్రభుత్వ శాఖ. ఏది చదవాలో ఏది వద్దో నిర్ణయించేది చదివేవారు కాదు. 1984 ఆగస్టులో రామారావు గారి ప్రభుత్వాన్ని గవర్నరు రద్దుచేసి, నాదెండ్ల భాస్కరరావు గారిని గద్దెనెక్కించినప్పుడు ఊరూ వాడా అట్టుడికిపోయింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. అలాంటప్పుడు ప్రతిపక్షాల గోడు టెలివిజనులో సరిగా రాదన్న ఆరోపణ దేశమంతటా ఉండేది. దూరదర్శన్‌ను, ఆకాశవాణిని ప్రభుత్వం చేతిలోంచి తప్పించడానికి ప్రసార భారతి చట్టం 1990లో చేశారు. అది అమలులోకి రావడానికి 1997 వరకూ పట్టింది. కాబట్టి తెరమీద కనబడిన పెద్దమనిషిని మనం నమ్మాం గదా అని, ఆ తెర వెనుక జరిగినదంతా నిష్పక్షపాతమని అనుకోనక్కరలేదు. తన చేతిలో లేనిదాన్ని ఆయన మార్చలేకపోయారు. తన చేతిలో ఉన్న వంతు, అంటే మాట, ఉచ్చారణ, ముఖంలోని నిగ్రహం, వాటిని మాత్రం చెడనివ్వలేదు.

ఆ నమ్మకం ఉత్త అలంకారం కాదు, ప్రాణాలు నిలబెట్టే సరుకు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు తక్కువ కాకుండా జనం పోయారు. 1990 మేలో మళ్ళీ ఆ తీరానికే అంత బలమైన తుఫాను వచ్చింది. ఆ సారి పోయినవారు సుమారు వెయ్యి మంది. ఆ వెయ్యి ప్రాణాలూ ప్రాణాలే. అయినా ఇంత తేడా ఎలా వచ్చింది? హెచ్చరిక ముందుగా అందింది, లక్షకు పైగా జనాన్ని ఎత్తైన చోట్లకు తరలించారు. హెచ్చరిక అందడం ఒకటి, విన్నవాళ్ళు నమ్మి కదలడం ఒకటి. పశువులను విడిచి, పెట్టె బేడా విడిచి, పిల్లలను చంకన వేసుకుని ఇల్లాలు బయలుదేరాలంటే, ఆ మాట చెప్పినవారిమీద ఎంత గురి ఉండాలి!

ఇప్పుడు రెండో వైపు చూడండి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2004లో ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తల చానల్ వచ్చింది. ఆ తరువాత ఫోనులోకే వార్తలు వచ్చేశాయి. ఏడు గంటలదాకా ఆగే పని లేదు. అంతవరకూ మేలే. కాని ఈ ఫోనువల్ల మనలో ప్రతి ఒక్కరం వార్తలు చదివేవాళ్ళమైపోయాం. అటునుంచి ఒక కబురు వస్తుంది, వేలితో ఒక్క నొక్కు నొక్కితే అక్కయ్యకు, వదినగారికి, అపార్ట్‌మెంటు ఆడవాళ్ళందరికీ వెళ్ళిపోతుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఇలాగే ఫోన్లలో పుకారు పుట్టింది. మన హైదరాబాదులోనే, చాంద్రాయణగుట్టలో, పొట్టకూటికోసం తిరుగుతున్న ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ పుకారు నమ్మిన జనం కొట్టి చంపారు. ఆమె ఏ పిల్లనూ ఎత్తుకుపోలేదు. ఆ కబురును ముందుకు పంపినవాళ్ళలో ఎక్కువమంది చెడ్డవాళ్ళు కారు. “మన పిల్లలు జాగ్రత్త” అని మంచికే పంపారు. పంపేముందు ఎవరూ ఆగి, ఇది ఎవరు చెప్పారు, ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది అని అడగలేదు.

ఆ మూడు ప్రశ్నలూ వార్తల గదిలో ప్రతి కాగితాన్నీ అడిగేవే. వాటికి జవాబు లేని కాగితం చదివేవారి బల్లమీదికి రాకూడదు. మన వంటింట్లో మనం అదే నియమం పెట్టుకోవచ్చు. బియ్యం ఏరకుండా ఎసట్లో పోస్తామా? కబురును కూడా అలాగే ఏరాలి. ఎవరు చెప్పారో తెలియని కబురును మన దగ్గరే ఆపేయాలి. తెలిసిన కబురును విన్నంతే చెప్పాలి, మన భయమూ మన కోపమూ అందులో కలపకూడదు. మన అభిప్రాయం చెప్పదలిస్తే, “ఇది నా మాట” అని విడిగా చెప్పాలి. చదువుతో దీనికి పని లేదు. మెట్రిక్ చదివినవాళ్ళూ చేయవచ్చు, ఎం.ఏ. చదివినవాళ్ళూ చేయవచ్చు.

శాంతి స్వరూప్ గారికి ఏది చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ లేదని ఇందాక చెప్పుకున్నాం. మనకు ఆ స్వేచ్ఛ ఉంది. ఏది చెప్పాలో, ఏది చెప్పకుండా ఆపాలో మనల్ని శాసించేవారు లేరు. ఆయనకన్నా మనకు అధికారం ఎక్కువ. కాబట్టి ఆయనకన్నా మనకు జాగ్రత్త కూడా ఎక్కువే ఉండాలి.

ఆయన తన ముఖాన్ని చూపించి, తన గొంతుతో, ఇరవై ఏడేళ్ళకు పైగా మనకు కబురు చెప్పారు. చెప్పినదానికి మర్నాడు కూడా అదే ముఖంతో మన ఎదుటికి రావాలని ఆయనకు తెలుసు. మనం పంపే కబురు రేపు అబద్ధమని తేలితే, సాయంత్రం మెట్లమీద ఎదురయ్యే పక్కింటావిడ ముఖం మనమూ చూడాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుని, ఈవేళ మీ ఫోనులోకి వచ్చే మొదటి కబురును ఆ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి. ఎన్ని నిలబడతాయో మీరే లెక్కపెట్టుకోండి.